చాందిని ఎడమకాలు

చాందిని ముందరి ఎడమకాలు మోకాలి కింద వేడిగా ఉంది. ఎల్లేష్ దాని కుడికాలు పట్టి చూశాడు. అది చల్లగానే ఉంది. మళ్లీ ఎడమకాలి నరం వెంట వేలు నొక్కగానే గుర్రం కాలు లాక్కుంది.

బయట మైకు గరగరలాడుతోంది. యాదగిరిగుట్ట నుంచి మోత్కూర్ పోయే రోడ్డు పక్కన బాలకృష్ణ పెట్టిన గుర్రాల ఫారంలో ఆ రోజు దుంకుడు పోటీలు. అడ్డం పెట్టిన కట్టెలు పడకుండా గుర్రాలను దాటించాలి. హైదరాబాద్ క్లబ్బుల వాళ్లు లారీల్లోంచి గుర్రాలను దించుకుంటున్నారు. షామియానా కింద ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లు ఇడ్లీలు తింటున్నారు. చుట్టుపక్కల కందిచేన్లన్నీ కొని బాలకృష్ణ ప్లాట్లు చేశాడు. గుర్రాలు కనిపించే ప్లాటుకు గజం ధర వేరు.

గేటు దగ్గర ఫ్లెక్సీలో చాందిని గాలిలో ఉంది. దాని మీద నల్లకోటు, టోపీతో నవనీత. ఆ ఫ్లెక్సీ కట్టింది ఎల్లేషే. నిచ్చెన ఎక్కి మూలలకు తాడు బిగిస్తుంటే ఆ నవ్వు ముఖం అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఒకప్పుడు ఆ జాగాలో అతని బొమ్మ ఉండేది.

గొర్ల కాపరి అంజన్న కొడుకు ఎల్లేష్ ఈ ఫారానికి పెండ తీసే పనికి వచ్చాడు. తాడు తెంపుకుని పోయిన గుర్రాన్ని జీను లేకుండానే ఎక్కి తెచ్చిన రోజు, బాలకృష్ణ ముచ్చటపడి అతన్ని పోటీలకు తయారు చేయించాడు. ఎల్లేష్ తెచ్చిన కప్పులు ఆఫీసులో అద్దాల బీరువాలోకి చేరేవి. జీతం మాత్రం పెండ తీసినప్పటిదే. పేపర్లో బొమ్మ పడితే చాలనుకున్నాడు. ఒక పోటీలో పడి భుజం విరిగింది. దవాఖాన నుంచి తిరిగి వచ్చేసరికి చాందిని మీద నవనీత ఉంది.

ఆమె ఫారంలో గడ్డి కోసే ఇస్రాయేలు బిడ్డ. రికాబులో పాదం పెట్టి మడమ దించి కూర్చోవడం అంతకుముందు ఆమెకు నేర్పిందీ ఎల్లేషే. భుజం అతికాక మళ్లీ ఎక్కుతానని అడిగితే బాలకృష్ణ నవ్వాడు. “పల్లె పిల్ల, ఆడపిల్ల. జనం ఆమెనే చూస్తర్రా. నిన్నెవడు చూస్తడు?”

అప్పటి నుంచి అతని పని గుర్రాలను కడిగి, కాళ్లు చూసి తయారు చేయడమే. ఆమె గెలిచినప్పుడల్లా ఎల్లేష్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. ఇంటికి పోయి, అన్నం పెట్టే తల్లి మీద కసురుకునేవాడు. నవనీత ఓడిన రోజు మాత్రం కూర రుచిగా ఉండేది.

“అన్నా, చాందిని ఎట్లుంది?”

నవనీత లాయం గుమ్మంలో నిలబడి ఉంది. రోజూ అడిగే మాటే. అతను చెప్పందే ఆమె జీను ముట్టేది కాదు.

ఎల్లేష్ గుర్రం మెడ దువ్వుతూ ఉండిపోయాడు. ఒక్క కట్టె పడనీ, అనుకున్నాడు. ఇంతమంది ముందట ఒక్కటి పడనీ.

“మంచిగనే ఉంది,” అన్నాడు.

పక్క మైదానంలో నవనీత గుర్రాన్ని కాసేపు తిప్పి చిన్న కట్టె మీదుగా దుంకించింది. దిగుతూనే చాందిని ముందుకు తూలింది. నవనీత దాని మెడ మీద పడి, జూలు పట్టుకుని ఎలాగో నిలిచింది. ఎల్లేష్ అటు రెండడుగులు ఉరికాడు. ఆ వెంటనే, పడలేదే అని లోపల ఏదో చిన్నబోయింది. అది తనకే తెలిసి అతను అక్కడే ఆగిపోయాడు.

ఆమె దిగి గుర్రం కాలు పట్టి చూసింది. తర్వాత అతన్ని చూసింది.

“పొద్దుగాల నువ్వు కాలు పట్టి చూడలేదా అన్నా?”

ఎల్లేష్ వంగి జీను పట్టీ సర్దసాగాడు. అప్పటికే బాలకృష్ణ వచ్చాడు.

“సార్, కాలు వాచింది. నేనెక్క,” అంది నవనీత.

“డాక్టర్‌తోటి సూది ఇప్పిస్త. ఒక్క రౌండే గద.”

“సూదేస్తే దానికి నొప్పి తెల్వది సార్. తెల్వక దుంకుతది. కాలు ఇరుగుతది.”

“మీ నాయిన పని గూడ జర యాది పెట్టుకో పిల్లా.”

గడ్డిమోపు దించిన చోటే ఇస్రాయేలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నవనీత తండ్రిని చూసింది. అయినా మాట మార్చలేదు.

“నేనెక్క సార్.”

బాలకృష్ణ ఎల్లేష్ వైపు తిరిగాడు. “నీ కోటున్నదా?”

ఉంది. ఎప్పుడైనా పిలుస్తారని ఉతికి, మడిచి దాచుకున్న కోటు. ఎల్లేష్ గుండీలు పెట్టుకునేలోపు డాక్టరు సూది వేశాడు. కాసేపటికి చాందిని కుంటడం ఆగింది.

“ఇగ రేపటి సంది ఫ్లెక్సీ మీద నీ బొమ్మనే,” అని బాలకృష్ణ అతని వీపు తట్టాడు.

జీను మీద కూర్చోగానే ఎల్లేష్ వెన్ను దానంతటదే నిటారైంది. మైకులో అతని పేరు పిలిచారు. షామియానా కింద చప్పట్లు మోగాయి. ఇన్నాళ్లూ నిద్రలో విన్న చప్పట్లే. అతను నవనీత కోసం వెతికాడు. తన కడుపులో ఇన్ని రోజులు మండింది ఆమె ముఖంలో కనిపించాలి. కనిపిస్తే ఆ సంబరంలోనే గుర్రాన్ని దుంకించేవాడేమో.

నవనీత పోటీ మైదానం గేటు దగ్గరే ఉంది. ఆమె అతన్ని చూడటం లేదు. గుర్రం కాలు చూస్తోంది.

గేటు తెరిచారు. ఎల్లేష్ రికాబులోంచి పాదం తీసి కిందికి దిగాడు.

“ఏమైందిరా?” బాలకృష్ణ పరుగున వచ్చాడు.

“నేనుగూడ ఎక్క సార్. పొద్దుగాలనే చూసిన. కాలు కాలుతుండె. ఎరికుండి ఈ పిల్లకు మంచిగుందని చెప్పిన.”

“మీ ఇద్దరి జాగాల ఇంకొకడు దొరకడనుకున్నరా? ఇయ్యాల్నే ఖాళీ చెయ్యున్రి.”

“దొరుకుతడు సార్. వాడు ఎక్కుతడో లేదో అడుగు.”

నవనీత అతని చేతిలోంచి కళ్లెం తీసుకుంది. లాయం దాకా తిరిగి చూడలేదు. ఇస్రాయేలు తొట్టి నుంచి బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టాడు. ఆమె కూర్చుని గుర్రం కాలి మీద నెమ్మదిగా పోస్తుంటే ఎల్లేష్ ఆ కాలు కదలకుండా పట్టబోయాడు.

“వద్దు,” అందామె.

అతను కోటు విప్పి, మళ్లీ నీళ్లు తేవడానికి ఖాళీ బకెట్ అందుకున్నాడు. అప్పుడే బయట చప్పట్లు గుప్పుమన్నాయి. ఎవరి గుర్రమో కట్టె పడకుండా దాటింది. ఆ చప్పుడుకు నవనీత, ఎల్లేష్ ఇద్దరూ ఒక్కసారే అటు తల తిప్పారు.