గట్టిమేళం పోటీ

ధర్మవరంలో ఎర్రిస్వామి బ్యాండు మొదలైందంటే పక్క వీధిలో మగ్గాలు ఆగాల్సిందే. పద్నాలుగు మంది, అన్నీ ఇత్తడి బూరలే, పైన ఒక పెద్ద డ్రమ్ము. 1983లో నేతగాళ్లంతా కలిసి గట్టిమేళం పోటీ పెడితే, గుత్తి నుంచి రాయదుర్గం దాకా తమను కొట్టేవాడు లేడని అతను తేల్చేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కప్పు పెట్టడానికి ఇంట్లో గూడు కూడా ఖాళీ చేసుకున్నాడు.

పాపం, అతని పెళ్లి ఆ కప్పు మీదే ఆధారపడింది. మేనమామ తిప్పయ్య డోలు వాయిస్తాడు. తాను నేర్పిన డోలు వదిలేసి మేనల్లుడు బూరల వెంట పోయాడని ఆయనకు కడుపుమంట. కూతురు కదిరమ్మను ఇమ్మంటే ఒకటే మాటన్నాడు.

“గట్టిమేళంలో గెలిచి రా, పిల్లనిస్తా. ల్యాకుంటే ఆ బూరనే పెండ్లి చేసుకో పో.”

తానూ పోటీకి వస్తానని మాత్రం చెప్పలేదు.

తీర్పు చెప్పేది ఊరి పురోహితుడు. పెళ్లికూతురికి బదులు గుమ్మడికాయకు పట్టుచీర చుట్టి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయన చెయ్యెత్తగానే దానికి పసుపుతాడు కడతారు, మేళం మోగాలి. అంతే పోటీ.

ఎర్రిస్వామి బృందం ఆ చెయ్యి కోసం ఆగితే కదా! కళ్లు మూసుకుని, బుగ్గలు పూరించి పావుగంట ఊదారు. పందిరి రేకులు అదిరాయి, జనం ఈలలు వేశారు. పాట ముగించి అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. పురోహితుడు చెయ్యెత్తింది అప్పుడే. రెండో చేత్తో చిటికెడు నశ్యం ముక్కులోకి ఎక్కించాడు. ముడి పడుతుండగా ఆయన తుమ్ము చివరి వరుస దాకా వినిపించింది.

తర్వాత తిప్పయ్య ఎక్కాడు. మామను చూసి ఎర్రిస్వామికి నవ్వొచ్చింది. ఒక డోలు, ఒక సన్నాయి, అదీ జోకొట్టినట్టు వాయింపు. ముసలాయన కళ్లు మాత్రం పురోహితుడి చేతి మీదే ఉన్నాయి. చెయ్యి లేచింది, డోలు దద్దరిల్లింది. పురోహితుడు తుమ్మడం అందరూ చూశారు గానీ ఎవరికీ వినబడలేదు. ముడి పడింది, డోలు ఆగింది.

“మొదటి బహుమతి...” అనగానే ఎర్రిస్వామి వేదికెక్కి దండకు మెడ వంచాడు.

“తిప్పయ్య మేళం!”

దండ అతన్ని దాటుకుని పోయింది. జనం గొల్లుమన్నారు.

“ఇదేం న్యాయం స్వామీ! మేం ఊదింది గుత్తి కోట దాకా ఇనపడింటాది!”

“నా తుమ్ము గూడా ఇనపడింది కదప్పా,” అన్నాడు పురోహితుడు. “తాళి కట్టేటప్పుడు తుమ్ము, చెడ్డమాట చెవిన పడకూడదనే గట్టిమేళం పెట్టినారు. మీ పెండ్లికూతురు తుమ్ము ఇనింది.”

ఎర్రిస్వామికి ఏడుపొచ్చింది. కప్పు పోతే పోయింది, కదిరమ్మ పోయిందే అని. మామ దగ్గరికి వెళ్లి తల దించుకున్నాడు.

“తప్పు నాదే మామా. కదిరమ్మకు వేరే సంబంధం చూడు.”

“ఊరుకోరా. నాకిప్పుడు వేరే దిగులుండాది,” అన్నాడు తిప్పయ్య, కప్పు చంకలో పెట్టుకుని. “బిడ్డ పెండ్లిలో నేను కన్యాదానం చేయాల, డోలు పట్టలేను. నువ్వు తాళి కట్టాల. మీవోళ్లలో, చెయ్యి లేచేదాకా ఊరికే కూర్చునేవోడు ఒక్కడన్నా ఉండాడా?”

ఎర్రిస్వామి వెనక్కి తిరిగి చూశాడు. ఓడిపోయిన కోపంతో పదముగ్గురూ మళ్లీ ఊదుతున్నారు.