నూట ఇరవై వాట్లు

తమ్ముడి కూతురు విమానాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది. రెక్కలు ఫోమ్ షీటువి, నడుము సన్నటి కర్ర. మోటారు ఉండాల్సిన చోట నాలుగు బెజ్జాలున్న చెక్కముక్క మాత్రమే ఉంది. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఆమె జట్టుకిచ్చిన పని ఇది. సొంతంగా ఒక చిన్న విమానం గీసి, కట్టి, మైదానంలో మూడు నిమిషాలు ఎగరేసి చూపించాలి. మిగతా ముగ్గురూ తమ వంతు ముగించారు. మోటారు, ప్రొపెల్లరు, బ్యాటరీ ఎంచే వంతు ఈమెది. రెండు వారాలుగా అది అక్కడే ఆగిపోయింది.

"బ్యాటరీ ఇంట్లోకి రావడానికి వీల్లేదంది అమ్మ. నీ దగ్గర పెట్టుకోవచ్చా పెదనాన్నా?"

పెట్టుకోమన్నాను. కాదనే హక్కు నాకు లేదు.

ఏడు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడు తన గదిలో, తను సరదాకి ఎగరేసే చిన్న విమానం బ్యాటరీని ఛార్జింగుకి పెట్టి, పక్కనే మంచం మీద నడుం వాల్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. ఆదివారం తప్ప పగటినిద్ర ఎరగడు. బ్యాటరీ ఉబ్బి అంటుకుంది. మంట పరుపు అంచును అందుకుని గదంతా పొగ కమ్మింది. మరదలూ పిల్లా బజారు నుంచి వచ్చేసరికి తలుపు కింది సందులోంచి పొగ వస్తోంది. వాడి ఒంటికి మంట తగల్లేదు, పొగకే పోయాడు. బ్యాటరీ నాసిరకమని అగ్నిమాపక అధికారి రాసుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు.

నేను అనుకోలేదు. అంతకు ముందు వారం వాడి ఛార్జరు నా దగ్గరుంది. నేను తెలుగు చెప్పే బడిలో వార్షికోత్సవం దగ్గర పడ్డాక మైకు సెల్స్ ఛార్జ్ చేసే పరికరం పాడైతే, తమ్ముడిది అడిగి తీసుకెళ్లాను. మైకులో వేసేవి నికెల్ సెల్స్. వాడి విమానాలకి లిథియం. ఆ ఛార్జరు రెండింటికీ పనికొస్తుంది, కాకపోతే ఏ రకమో ముందు దానికి చెప్పాలి. ఎలా చెప్పాలో వాడే చూపించాడు. "నికెల్ అని వచ్చేదాకా ఇది నొక్కు అన్నయ్యా. పిల్లల వ్యాసాల్లో కామా వెతికినట్టు వెతుకు," అని నవ్వాడు. అలాగే వెతికి నొక్కాను. శనివారం సాయంత్రం తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ లిథియంకి మార్చలేదు. మార్చమని వాడు చెప్పలేదు, నాకు తట్టలేదు. ఆఖరుసారి దేనికి పెట్టామో ఆ యంత్రం గుర్తుంచుకుంటుంది. అంతకు ముందెప్పుడూ అది ఇల్లు దాటలేదు కాబట్టి, తీగలు తగిలించే ముందు దాని తెర చూసే అలవాటు తమ్ముడికి లేదు.

లిథియం బ్యాటరీని నికెల్ అనుకున్న ఛార్జరుకి అది ఎప్పుడు నిండిందో తెలియదు. కరెంటు పోస్తూనే ఉంటుంది. ఎవరికో వచ్చిన సందేహంలా ఈ సంగతి మా సైన్సు మాస్టారిని అడిగాను. "ఇంకేముంది, అంటుకుంటుంది," అన్నాడాయన, దిద్దుతున్న కాగితాల మీంచి తలెత్తకుండా. తమ్ముడు పోయి అప్పటికి పది రోజులు. ఛార్జరు తెర కరిగి ముద్దయిపోయింది. రుజువు లేదు. రుజువు లేకపోవడం నాకు చాలాకాలం సాయపడింది.

వంటింటి కాటా మీద విమానాన్ని తూచాం. నాలుగు వందల పది గ్రాములు. మోటారూ, దాని వేగాన్ని అదుపు చేసే సర్క్యూటూ, బ్యాటరీ కలిపితే ఆరు వందలకి వస్తుందని లెక్క వేసింది. కిలోకి రెండు వందల వాట్ల చొప్పున నూట ఇరవై వాట్లు చాలట. మాట్లాడుతున్నంతసేపూ ఆమె గొంతులో మా తమ్ముడి హుషారు కాస్త తొంగిచూసింది. రెక్క మీద చేయి వెయ్యబోతే, "మెల్లిగా పెదనాన్నా, అది నీ నిఘంటువు కాదు," అంది. కాగితం మీద మోటారు రాసింది, ప్రొపెల్లరు రాసింది. బ్యాటరీ దగ్గర కలం నా ముందు పెట్టేసింది.

"ఇది నువ్వు చెప్పు."

నాకేం తెలుసని అడగలేదు. నికెల్ వేద్దామన్నాను. అది తొందరగా అంటుకోదని మాత్రం నాకు తెలుసు.

ఆమె నా వంక చూసింది. అదే వోల్టేజీకి నికెల్ సెల్స్ తొమ్మిది కావాలి. లిథియం నూట పది గ్రాములైతే ఇవి రెండు వందల నలభై పైన. బరువు పెరిగితే వాట్లు పెరగాలి, అన్ని వాట్లు గుంజితే ఆ సెల్స్ నీరసపడతాయి. విమానం నేల విడవదు. ఇదంతా నాకు చెప్పింది ఆమే, ఒక్కో అంకె రాసి చూపిస్తూ. చెప్పాక, "సరే, నువ్వన్నావుగా. నికెలే వేద్దాం," అని కాగితం మడిచింది.

అంకెలు ఇంత బాగా తెలిసిన పిల్ల, ఎగరదని తెలిసీ ఒప్పుకుంది. అది నన్ను కలవరపెట్టింది.

మర్నాడు బడి అయ్యాక, విమానం ఆమె పట్టుకుంటే నేను వెనక నడుస్తూ మోటార్ల కొట్టుకి వెళ్లాం. సైకిళ్ల దుకాణం పైన ఒకే గది, గోడ నిండా ప్రొపెల్లర్లు. కొట్టతను తమ్ముడికి పదేళ్ల స్నేహితుడు. అంత్యక్రియల తర్వాత అతను మాకు కనపడలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాగితం అందుకుని చదివి, మొహమాటం పోగొట్టుకోడానికి అన్నట్టు, "నికెలా? మాస్టారూ, ఇది ఎగరడానికా, రోడ్డు చదును చేయడానికా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అతను కాగితాన్ని బల్ల మీద పెట్టి వేళ్లతో సాపు చేశాడు.

"మీవాడు కొన్న ఆ రకం బ్యాటరీల సరుకు మొత్తం పారేశాను మాస్టారూ. ఇంకా పద్దెనిమిది ఉండేవి. ఒక్కోదాన్నీ ఛార్జి చచ్చేదాకా ఉప్పునీళ్లలో ముంచి పారేశాను. మీవాడు పదేళ్లు నా దగ్గరే కొన్నాడు. ఆ ఒక్కటి నా చేత్తో ఇవ్వకుండా ఉండాల్సింది."

మీ తప్పేం లేదని మర్యాదకి అనేసే మాట నోటిదాకా వచ్చింది. అన్నాను కూడా. అతను నమ్మనట్టు తల ఊపి, లోపల్నుంచి రెండు లిథియం బ్యాటరీలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కొత్త రకమనీ, ఒక్కోదాన్నీ తనే పరీక్షించాననీ చెప్పాడు. ఒకటి కాస్త బరువు, ఎక్కువసేపు వస్తుంది. రెండోది తేలిక.

"నువ్వే తీసుకోమ్మా. మీ నాన్న ఎప్పుడూ నీచేతే ఎంచించేవాడు."

ఆమె రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

"అందుకే నేను ఎంచను," అంది. "ఆ రోజు నాన్న నల్లదాని మీద చెయ్యి వేశాడు. నీలంది తేలిక అని నేనే మార్పించాను. పన్నెండు గ్రాములు తక్కువని." ఎవరినీ చూడకుండా మళ్లీ అంది. "పన్నెండు గ్రాములు."

అప్పటిదాకా నేను దాచింది నా ఒక్కడి సంగతి అనుకున్నాను. నేను నోరు మూసుకుంటే నాకు తప్ప ఎవరికీ కీడు లేదనుకున్నాను. నా ముందు ఇద్దరు మనుషులు నిలబడి ఒకే చావును చెరో వైపు నుంచి మోస్తున్నారు. ఆ బరువులో వాళ్లది ఒక్క గ్రాము కూడా లేదు.

"ఆ నీలం బ్యాటరీలో ఏ లోపమూ లేదు," అన్నాను.

తర్వాత మిగిలింది చెప్పాను. మైకు, సెల్స్, శనివారం సాయంత్రం, సైన్సు మాస్టారు. తరగతిలో చెప్పే గొంతుతోనే చెప్పాను. వేరే గొంతు రాలేదు.

కొట్టతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆమె మాత్రం నిలబడే అడిగింది.

"అది నికెల్‌లో ఉందా?"

"ఉంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"పది రోజులకి."

ఆమె లెక్క కడుతున్నట్టు కళ్లు పక్కకి తిప్పింది. "నేను అన్నం మానేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నువ్వే."

"నేనే."

"అప్పటికి తెలుసు."

"తెలుసు."

ఆమె ఎందుకు తినడం లేదో అప్పుడు నాకు తెలియదు. ఆ మాట చెప్పబోయి మానేశాను. అది నిజమే. అయినా ఆ గదిలో అది సాకులాగే వినపడేది.

అప్పుడు ఆమె బల్ల దగ్గరికి జరిగింది. రెండు బ్యాటరీలనూ ఒకదాని తర్వాత ఒకటి కాటా మీద పెట్టి, తేలికది ఉంచుకుని రెండోది వెనక్కి నెట్టింది. మోటారు అడిగింది. తొమ్మిది అంగుళాల ప్రొపెల్లరు అడిగింది. బిగించి, ఒకసారి తిప్పి వాట్లు చూపించమంది. కొట్టతను లేచి మోటారును బల్లకున్న పట్టులో బిగించాడు. స్విచ్చి వేశాడు. బల్ల మీది కాగితాలు గది అంతా ఎగిరాయి. మీటరులో అంకె నూట ఇరవైకి చేరి నిలిచింది.

"ఇది చాలు," అంది.

బ్యాటరీ ఎక్కడ ఉంచుతావని అతను అడిగాడు. తన దగ్గరే వదిలెయ్యొచ్చనీ, తన ఎదురుగానే ఛార్జ్ చేసుకోవచ్చనీ అన్నాడు. ఆమె నా వైపు చూడలేదు.

"ఇక్కడే ఉంచండి. మోటారు బిగించుకునే వెళ్తాను."

నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. తోడు ఉండనా అని అడిగే ధైర్యం రాలేదు. ఆమె స్క్రూ డ్రైవరు అందుకుని, చెక్కముక్క మీదికి వంగి, నాలుగు బెజ్జాల్లో మొదటిదాంట్లో స్క్రూ నిలిపింది.

"అమ్మకి మీరే చెప్పండి," అంది తల ఎత్తకుండా. "నేను వచ్చేలోపు చెప్పండి."

మాటలు వచ్చిన నాటి నుంచి నన్ను నువ్వు అనే పిలిచిన పిల్ల.

తమ్ముడి ఇల్లు అక్కడికి నాలుగు వీధుల దూరం. ఎలా మొదలుపెట్టాలా అని దారిపొడవునా వాక్యాలు కూర్చుకున్నాను. ప్రతి వాక్యమూ నన్ను కొంచెం కాపాడేదిగానే వచ్చింది. ఒక్కోదాన్నీ కొట్టేసుకుంటూ మూడో అంతస్తు ఎక్కాను.

మరదలు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చినట్టుంది, చేతిసంచి ఇంకా భుజానే ఉంది. నా వెనక మెట్ల వైపు చూసింది.

"పిల్లేది బావగారూ?"

కొట్లో ఉందనీ, వస్తుందనీ చెప్పాను. లోపలికి రమ్మంది. ముందుగదిలో కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. లోపలి గది తలుపు వేసి ఉంది. ఆమె కుర్చీ మీది బట్టలు తీసి నాకు చోటు చేసింది. పిల్ల ఈ మధ్య కాస్త తేరుకుంటోందనీ, మీరు పక్కన ఉండబట్టేననీ అంటూ మంచినీళ్లకి వంటింట్లోకి తిరిగింది.

"కూర్చోండి బావగారూ."

"వద్దమ్మా. ముందు నువ్వు ఇటు రా," అన్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి వచ్చింది. నేను నిలబడే మొదలుపెట్టాను.