నురుగు దిగాక చెప్పండి ధర

నేను ఒక పైంటు మగ్గును. ప్యాంటు కాదు, పైంటు. ఈ ముక్క ముందే చెప్పుకోవాల్సిన గతి ఎందుకు పట్టిందంటే, హైదరాబాదు నుంచి నన్ను సంచిలో మోసుకొచ్చిన రాజాగౌడ్ గుమ్మంలో నిలబడి "అక్కా, నీకు పైంటు తెచ్చిన" అన్నాడు. లోపల పొయ్యి ఊదుతున్న లింగమణి "నాకెందుకురా ప్యాంటు, మీ బావకియ్యి, చెట్టెక్కుతడు" అంది. ఆ మాట గోడ దాటి పక్కింటి సాయవ్వ చెవిన పడింది. తమ్ముడు అక్కకు ప్యాంటు తెచ్చాడంటే చూడకుండా ఎలా ఉంటుంది? చేతికర్రతో సహా వచ్చేసింది. సంచిలోంచి నేను బయటపడగానే నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం ప్యాంటురా కొడుకా, కాళ్ళు లెవ్వు, ఒక చెవి ఉన్నది" అంది.

అవును, నాకున్నది ఒకే చెవి. మీరు పట్టుకోవడానికి పెట్టారు, నేను వినడానికి వాడుకుంటున్నాను. మగ్గు అనగానే స్నానాల గది వైపు చూసేవారికి ఒక మనవి. నేను ఆ శాఖ కాదు. దళసరి గాజు ఒళ్ళు, బరువైన అడుగు, అంచుకు రెండు వేళ్ళ కింద ఒక సన్నటి గీత, గీత పక్కన ఇంగ్లీషులో నా కొలత, పైంటు అని. మీ నుదుటి గీత మీకే కనపడదు. నాది మాత్రం పక్క బల్ల వాడు కూడా చదువుకునేట్టు రాసి పంపారు.

పుట్టింది కొలిమిలో. అచ్చులో పోశారు, అచ్చుగుద్దినట్టు నాలాంటివాళ్ళు ఇంకో అయిదు వందలమంది పుట్టారు. ఒళ్ళు చల్లారీ చల్లారకముందే అట్టపెట్టెలో కూరి లారీ ఎక్కించారు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. కుండ అదృష్టవంతురాలు, దానికి గడ్డితో చుట్టిన కుదురుంటుంది, దాని మీద కదలకుండా కూర్చుంటుంది. మగ్గుకు అదీ లేదు. బల్ల మీద నుంచి చేతికి, చేతిలోంచి మూతికి, మూతి దగ్గర్నుంచి తొట్టికి, తొట్టిలోంచి మళ్ళీ బల్లకు.

నన్ను కొన్నది హైదరాబాదులో ఒక గాజు భవనం ఆరో అంతస్తులో ఉన్న పబ్బు. పేరు చెప్పను. బిల్లు చూసినవాళ్ళు ఎలాగూ మర్చిపోలేరు. రాజాగౌడ్ అక్కడే బీరు పంపు దగ్గర పనివాడు. వాళ్ళ తాతలు చెట్టెక్కి కల్లు దించారు, ఇతను లిఫ్టెక్కి బీరు పోసేవాడు. ఎక్కడం మాత్రం ఆ వంశాన్ని వదల్లేదు.

అక్కడ సాయంత్రం ఏడు దాకా సంతోష ఘడియలట, నా ధర రెండు వందలు. ఏడు దాటిందా, నాలుగు వందలు. అదే పంపు, అదే బీరు, అదే నేను. ఏడుకు అయిదు నిమిషాలుందనగా చేతులెత్తి ఆర్డర్లిచ్చే జనం ముఖాలు చూడాలి, ఆఖరి బస్సు అందుకుంటున్నట్టు ఉండేవి. సంతోషం చవగ్గా దొరికే గంటలో ఎవరూ సంతోషంగా కనపడలేదు. తాగే ధర వేరు, తగే ధర వేరు అని నాకు అక్కడే అనుమానం వచ్చింది.

వారానికోసారి ఒక పెద్దాయన వచ్చేవాడు. తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మగ్గు అందగానే తాగడు. బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటాడు. నురుగు మెల్లగా దిగుతుంది. బీరు గీతకు వేలెడు కింద తేలుతుంది. "బాబూ, గీతకు రాలేదు" అంటాడు, ఏ కోపమూ లేకుండా. రాజాగౌడ్ నవ్వి నింపేవాడు. పక్క బల్లవాళ్ళు అది చూశారు, వాళ్ళ పక్క బల్లవాళ్ళు వీళ్ళను చూశారు. నెల తిరిగేసరికి పబ్బు నిండా అందరూ చేతులు కట్టుకుని నురుగు దిగడం కోసం కూర్చునేవాళ్ళే. మేనేజరు తల పట్టుకుని ఆలోచించి, గీత ఉంటేనే కదా గోల అని తేల్చి, గీతలేని మగ్గులు తెప్పించాడు. కొలత తక్కువైతే కొలిచేదాన్ని మార్చేయడం, మనుషుల్లో నాకు బాగా నచ్చిన తెలివి. మమ్మల్నందర్నీ చెత్తబుట్టలో వేశారు. షెల్ఫులో మగ్గాల్సిన మగ్గును చెత్తపోగులో మగ్గబోతుంటే, రాజాగౌడ్ నన్నొకదాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు.

అలా వచ్చి పడింది చింతమడుగులో. నిజామాబాదు వైపు ఊరు. లింగమణి మొగుడు భూమాగౌడ్ పద్దెనిమిది తాళ్ళు గీస్తాడు. అంటే పద్దెనిమిది తాటిచెట్లెక్కి కల్లు దించుతాడు. చెట్ల కింద కూర్చుని అమ్మేది లింగమణి. అమ్మే సీసాలు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నీ రిటైరైన బీరు సీసాలే, తెలిసిన ముఖాలు. కానీ అన్నీ ఖాళీ. గోడ పక్కన బోర్లించి ఉన్నాయి.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ ఒకటుంది. బోరు ఎక్కడ వెయ్యాలి, గుడికి సున్నం ఎప్పుడు కొట్టాలి, సీసా కల్లు ఎంతకు అమ్మాలి, అన్నీ ఆ కమిటీయే తేలుస్తుంది. ఆరేళ్ళుగా సీసా ఇరవై రూపాయలు. ఈ ఏడు భూమాగౌడ్ ముప్పై అడిగాడు. కమిటీ పెద్ద పోశెట్టి ఒప్పుకోలేదు.

"రేగడిపేటల ఇరవైకే ఇస్తున్నరు. నీ కల్లుకేమన్న కొమ్ములున్నయా భూమన్నా?"

"దానికి కొమ్ములు లెవ్వు. నాకు మోకాళ్ళు లెవ్వు" అన్నాడట భూమాగౌడ్.

దాంతో కమిటీ తీర్మానం చేసింది. భూమాగౌడ్ దగ్గర కల్లు కొన్నవాళ్ళకు అయిదు వేల జరిమానా. నేను ఊళ్ళో దిగేనాటికి అది పదిహేడో రోజు. తాగేవాళ్ళంతా మోటారుసైకిళ్ళ మీద పక్కూరు రేగడిపేట పోయి తాగొస్తున్నారు.

అయితే తాటిచెట్టుకు తీర్మానాలు తెలియవు. కల్లు కారే గెల కొసను పొద్దున్నా సాయంత్రమూ కత్తితో పలచగా చెక్కుతూ ఉండాలి. రెండు రోజులు చెక్కకపోతే అది మూసుకుపోతుంది, ఇక ఆ ఏటికి ఆ చెట్టు లేనట్టే. అందుకని భూమాగౌడ్ రోజూ నడుముకు మోకు బిగించి, అరిగిన మోకాళ్ళతో పద్దెనిమిది చెట్లూ ఎక్కుతున్నాడు. కల్లు నిండిన కుండ, అదే లొట్టి, కిందికి దించుతున్నాడు. దించి చెట్టు మొదట్లోనే పారబోస్తున్నాడు. కొనేవాళ్ళు లేకపోయినా ఎక్కేవాడు ఆగలేదు. నాకంటే కుదురులేని ప్రాణిని మొదటిసారి అక్కడే చూశాను. పారబోసిన కల్లు చిన్న కాలువ కట్టి గట్టు దాకా పోయేది. పోశెట్టి బర్రె ఒకటి ఆ కాలువ దగ్గరే తచ్చాడటం మొదలుపెట్టింది. దానికి జరిమానా వెయ్యడం కమిటీ మరిచింది.

రాజాగౌడ్ వచ్చింది ఊరికే కాదు. పబ్బున్న భవనంలో వాచ్‌మన్ పని ఖాళీ ఉందట, సోమవారానికల్లా మనిషి రావాలట.

"కుర్చీల కూసునుడే బావా. ఎక్కుడు లేదు, దిగుడు లేదు" అన్నాడు.

భూమాగౌడ్ కత్తి నూరుతూ తలెత్తలేదు. "ఆదివారం కమిటీ కూసుంటది. గప్పుడు తెగకపోతే సోమవారం బస్సెక్కుత. ఎన్ని దినాలు మట్టికి తాపియ్యాలె?" అన్నాడు. అతను బస్సెక్కితే పద్దెనిమిది గెలలూ మూసుకుంటాయి. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు, నాకూ తెలిసింది.

ఆ సాయంత్రం పారబొయ్యాల్సిన కల్లులోంచి ఒక సీసా తీసి రాజాగౌడ్ నాలో పోశాడు. "చూడక్కా, గీత దాక సరుకు, గీత మీద నురుగు. నురుగుకు పైసలియ్యద్దు. గిది దీని ఇసాబు."

లింగమణి నన్ను పైకెత్తి వెలుతురుకు పెట్టి చూసింది. "గీత పెట్టినోనికి కల్లు గీసుడు తెల్వదు గని, నురుగు సంగతి మంచిగనే తెల్సు" అంది. అని, నురుగు దిగగానే చెయ్యి దానంతటదే సీసా వంచి మరికాస్త పోసింది. ఆమె చేతి అలవాటు అది. సీసా నింపుతుంది, పక్కన పెడుతుంది, నురుగు దిగేదాకా ఆగుతుంది, దిగినంత మేరా మళ్ళీ నింపి ఇస్తుంది. దాని పేరు కొసరు. వాళ్ళత్త నేర్పిన పద్ధతి. ఆ ఊళ్ళో దాన్నెవరూ అడగరు, ఎవరూ ఆపరు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమె కూడా తీసుకోలేదు, ఆ సాయంత్రం దాకా. ఆ సాయంత్రం మాత్రం నా గీత మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆదివారం పొద్దున పది గంటలకు కమిటీ హాల్లో జనం కూడారు. నేను లింగమణి కొంగు చాటున ఉన్నాను. పోశెట్టి అప్పుడే రేగడిపేట నుంచి తెప్పించిన సీసాను బల్ల మీద ఠక్కున పెట్టాడు. మూతికి ఆకు బిరడా, మెడ దాకా తెల్లగా నిండుగా ఉంది.

"ఇగో, నిండు సీసా. ఇరవై. ఇంక మాటలెందుకు?"

భూమాగౌడ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చూపు అప్పటికే బస్సెక్కినట్టుంది. లింగమణి లేచి నన్ను బల్ల మీద పెట్టింది.

"గిదేంది?" అన్నాడు పోశెట్టి.

"ప్యాంటు" అంది వెనక నుంచి సాయవ్వ.

హాలంతా నవ్వింది. లింగమణి నవ్వలేదు. బిరడా తీసి సీసా మొత్తం నాలో వంచింది. నురుగు బుస్సున లేచి అంచు దాటి తొంగిచూసింది. "ఇగ నిండింది గద" అన్నారెవరో.

"ఆగుర్రి. నురుగు దిగనియ్యుర్రి" అంది.

ఆగారు. పంతొమ్మిది రోజులు ఆగనివాళ్ళు రెండు నిమిషాలు ఆగడానికి నానా అవస్థ పడ్డారు. ఒకాయన బీడీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పోశెట్టి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నాలో నురుగు చిటచిటమంటూ కుంగిపోతోంది. అంచు దిగింది, గీత దిగింది, ఇంకా దిగింది. ఆఖరికి తేలిన కల్లు గీతకు మూడు వేళ్ళ కింద నిలబడింది.

"బండి గతుకులకు ఒలికింది" అన్నాడు పోశెట్టి.

"బిరడా తియ్యకముందే ఒలికిందా పోశెట్టీ?" అంది సాయవ్వ. "గంత తెలివిగల్ల కల్లు మా కాలంల లేకుండె."

లింగమణి నన్ను కడిగి, తను తెచ్చిన సీసా వంచింది. నురుగు లేచింది, దిగింది. కల్లు గీత దాటి, అంచుకు వెంట్రుకవాసి కింద నిలిచింది.

"సీసాలు రెండూ ఒక్కటే అన్నా" అంది లింగమణి. "వాళ్ళు నురుగు మీద బిరడా పెడ్తరు. నేను నురుగు దిగినంక మళ్ళ పోస్త. కొసరు అంటిరి, తాగితిరి. ఇన్నేండ్లు దానికి నేను ధర అడగలె, మీరు చెప్పలె. ఇరవైకే కావాల్నంటే ఇస్త. రేపటి సంది నేను గూడ నురుగు దిగేదాక ఆగ."

మోటారుసైకిళ్ళకు పెట్రోలు పోయించుకుని పంతొమ్మిది రోజులు నురుగు తాగొచ్చినవాళ్ళు ఒకరి మీసాలొకరు చూసుకున్నారు. ఇరవై ఎనిమిది చేద్దామన్నాడొకాయన. "రెండు రూపాల చిల్లర నువ్వు తెస్తవా దినాం?" అని సాయవ్వ అతన్ని కూర్చోబెట్టింది. చివరికి పోశెట్టే లేచాడు. ఓడిపోయినట్టు కనపడకుండా లేవడం ఒక విద్య, అది అతనికి వచ్చు.

"సరే. ఈ మగ్గుతోని గీత దాక ముప్పై. కానీ ఇగ కొసరు గిసరు ఏం లేదు. గీత అంటే గీతనే."

"గీతనే" అన్నాడు భూమాగౌడ్. పంతొమ్మిది రోజుల తర్వాత గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. రాజాగౌడ్ పక్కకు పోయి వాచ్‌మన్ పనికి వేరే మనిషిని చూసుకోమని ఫోన్ చేశాడు.

తీర్మానం ఆ మధ్యాహ్నమే హాలు గోడ మీద నీలం రంగుతో రాయించారు. రాసినాయన సాయవ్వ మాటే విన్నాడు కాబట్టి "ప్యాంటు కల్లు ముప్పై రూపాయలు" అని ఇప్పటికీ ఉంది. పరాయి ఊరి వాళ్ళు వచ్చి ప్యాంటు ఇస్తేనే కల్లు పోస్తారా అని అడిగితే, లింగమణి నన్ను ఎత్తి చూపించి కథంతా చెబుతుంది. నాకు తప్పని ప్రదర్శన.

సోమవారం పొద్దున హైదరాబాదు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. భూమాగౌడ్ మూడో చెట్టు మీద ఉన్నాడు. మొదట వచ్చింది పోశెట్టి. వెనకాలే అతని బర్రె కూడా వచ్చి, కాలువ ఎండిపోయి ఉండటం చూసి నిరాశగా నిలబడింది. పోశెట్టి ముప్పై ఇచ్చాడు. లింగమణి పోసింది, నురుగు దిగేదాకా ఆగింది, తగ్గినంతా పోసి సరిగ్గా గీతకు తెచ్చి ఆపింది. నా జన్మలో అంత కచ్చితంగా నేనెన్నడూ నిండలేదు.

పోశెట్టి నన్ను అందుకున్నాడు. తాగలేదు. కదల్లేదు. నన్ను ముందుకు చాపి అలాగే నిలబడ్డాడు.

"ఏందన్నా?" అంది లింగమణి.

"ఏం లేదు చెల్లె." తల గోక్కున్నాడు. "గింత..."

లింగమణి ఒకసారి చెట్టు మీదికి చూసింది. ఒకసారి నా గీత వైపు చూసింది. ఆమె చెయ్యి దానంతటదే వంగింది. నాలో కల్లు గీత దాటి పైకొచ్చింది.

ధర గీత దాకే ఉంటుందని పబ్బులో పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. గీత పైన ఉన్నదాన్ని ఏమనాలో మాత్రం నాకిప్పటికీ తోచదు. సాయంత్రం లింగమణి నన్ను కడిగి లొట్టి కుదురు మీద బోర్లిస్తుంది. అది కుండ కొలతకు చుట్టింది, నాకు వదులు. దాని మీద అటూ ఇటూ ఒరుగుతూ ఆ మాటే ఆలోచిస్తుంటాను.

ఆ పొద్దున మాత్రం ఆలోచించే తీరిక లేదు. పోశెట్టి మూతి నా అంచుకు ఆనింది. పైన ఆకుల్లోంచి భూమాగౌడ్ గొంతు వినిపించింది.

"నేనేం చూడలే."