కక్కినోడే గెలిచినోడు

నేను ఒక ట్రాక్టరు వెనక చక్రం టైరుని. దగ్గరికి వచ్చి చూడమని మిమ్మల్ని అడగను. వస్తే మాత్రం ముక్కు మూసుకుని రండి. నన్ను నేల మీద పడుకోబెడితే లోపలి అంచున నీళ్లు నిలిచే గాడి ఒకటి ఏర్పడుతుంది. ఆ గాడిలో నాలుగేళ్లుగా మనుషులు కక్కుతున్నారు. పొరపాటున కాదు, తిన్నది పడక కాదు. అదొక ఘనకార్యమని నమ్మి, వరసలో నిలబడి, చప్పట్ల మధ్య కక్కుతున్నారు. నేను ఫ్యాక్టరీలో గంధకం కంపులో ఉడికి పుట్టాను. పేడలో దొర్లాను, చచ్చిన పందికొక్కుల మీదుగా వెళ్లాను. ఎన్నడూ ఒళ్లు జలదరించలేదు. అసహ్యమంటే ఏమిటో మనుషుల మధ్య ఊరికే పడి ఉన్నప్పుడే తెలిసింది.

మొదట నేను బోధన్ పక్క పల్లెలో సాయిరెడ్డి అనే రైతు దగ్గర తొమ్మిదేళ్లు తిరిగాను. చెరకు బండి లాగాను, వరి పొలం దమ్ము చేశాను. సాయిరెడ్డి నోరు మంచిది కాదు. ఎద్దునూ పెళ్లాన్నీ ఒకే మాటతో పిలిచేవాడు. కానీ ఎండాకాలం రోడ్డు మీద పోతూ పోతూ బండి ఆపి, దిగి, నా ఒంటి మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. రబ్బరు కాలిపోతుంటే తుమ్మచెట్టు నీడకు తోలి ఒక బీడీ కాల్చుకునేంత సేపు ఆగేవాడు. ఎక్కువ తోలితే పగులుతుందని ఆ మొరటు మనిషికి ఎవరూ చెప్పలేదు, అతనికే తెలుసు. చివరికి ముసలితనం వచ్చి నా పక్క పగిలింది. అప్పుడు బోధన్‌లో బాక్సింగ్ నేర్పే పోశెట్టి సార్ వచ్చి, పిల్లల కసరత్తుకు కావాలని అడిగితే, సాయిరెడ్డి నన్ను ఆయన ఆటో ట్రాలీలోకి దొర్లించి చేతులు దులుపుకున్నాడు.

మూతపడ్డ ఒక రైసు మిల్లు ఆవరణే పోశెట్టి సార్ అకాడమీ. వడ్లు ఆరబోసుకునే గచ్చు మీద రింగు కట్టించాడు. మనిషి చెడ్డవాడని అనను. ఒక్క పూట కూడా మానడు. పిల్లల కాళ్లకు బూట్లు లేకపోతే తన పాతవి తెచ్చి ఇస్తాడు. ఎప్పుడో జిల్లా స్థాయిలో ఆడి, రెండో రౌండులో ఊపిరి అందక ఓడిపోయాడట. ఆ ఓటమి ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. దెబ్బలు తెలియక కాదు, దమ్ము లేక ఓడానని రోజుకోసారైనా చెబుతాడు. అందుకని తన పిల్లలకు దమ్ము నూరిపోయాలని పంతం పట్టాడు.

మొదట్లో నాకు కొత్త కొలువు నచ్చింది. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను కూడా. మోకాళ్లు వంచి, నా అంచు కింద వేళ్లు పెట్టి, రొమ్ము నాకు ఆనించి, తొడల బలంతో పైకి లేపి అవతలికి తోసేవారు. పిడిగుద్దు బలం చేతిలో లేదు, కాళ్లలోంచి నడుములోంచి వస్తుంది. ఆ సంగతి పిల్లల ఒళ్లకు నేర్పింది నేనే. ఎనిమిది సార్లు తిరగేసి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ వచ్చేవారు. నెల తిరిగేసరికి వాళ్ల భుజాలు గట్టిపడ్డాయి. పని అంటే అలా ఉండాలి.

అంతలో సార్ చేతికి పెద్ద ఫోను వచ్చింది. అసలే కోతి, ఆపై కల్లు తాగింది. ఎక్కడో పరదేశంలో కండలు తిరిగిన మల్లుడొకడు కసరత్తు చేసి చేసి బకెట్లో భళ్లున కక్కుకుని, మూతి తుడుచుకుని మళ్లీ లేచే వీడియో చూశాడు. అదొక్కటే నూరుసార్లు చూశాడు. మర్నాడు పెయింటరును పిలిపించి మిల్లు గోడ మీద ఎర్రటి అక్షరాలతో ‘కక్కినోడే గెలిచినోడు’ అని రాయించాడు. బకెట్టు లేదు కాబట్టి నేనున్నాను. ఆ రోజు నుంచి అకాడమీలో ఆచారం పుట్టింది. ఎవరో ఒకరు నాలో కక్కేదాకా కసరత్తు ఆపే విజిల్ పడదు. కక్కినవాడికి చప్పట్లు, ఆ పూటకు అందరికీ సెలవు. ఒక్కరూ కక్కకపోతే అందరూ ఒళ్లు దాచుకున్నట్టు లెక్క, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఛీ, ఆ రోజుల గురించి చెప్పాలంటే నా రబ్బరు ముడుచుకుపోతుంది. పొద్దున తిన్న ఉప్మా, అటుకులు, సగం నమిలిన గుడ్డు తెల్లసొన. మీద ఈగలు. కడగడానికి ఒక చెంబెడు నీళ్లు పోసేవారు, అంటే దాన్ని పలచన చేసేవారు. తర్వాత వాళ్లే వచ్చి ఆ అంచునే వట్టి చేతులతో పట్టుకుని నన్ను తిరగేసేవారు. అంచులోది జారి వాళ్ల పాదాల మీదే పడేది. సార్ దూరంగా కుర్చీలో కూర్చుని, ఇది చెమట కన్నా పవిత్రమైనదని చెప్పేవాడు. అంత పవిత్రమైతే ఒక్కసారైనా దగ్గరికొచ్చి చూడొచ్చు కదా. ఎన్నడూ రాలేదు.

పిల్లలు పిచ్చివాళ్లు కారు. ఆర్నెల్లు తిరక్కముందే విరుగుడు కనిపెట్టారు. దాని గురువు అఫ్రీన్ అనే పిల్ల, మెకానిక్ కూతురు, నోరూ చెయ్యీ రెండూ చురుకు. వచ్చే ముందు ఒక అరటిపండు తిని, కడుపునిండా నీళ్లు తాగాలి. పదిసార్లు తిరగేశాక నా మీద వంగి, సార్‌కు వీపు కనిపించేలా నిలబడి, రెండు వేళ్లు గొంతులోకి పోనివ్వాలి. అంతే. ఈ విద్య అందరికీ వచ్చేసింది. వంతులు కూడా వేసుకున్నారు, సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు. సార్ పరమానందపడి, తన పద్ధతి ఫలించిందని నోటు పుస్తకంలో రాసుకునేవాడు. మోసపోయేవాడికీ మోసం చేసేవాడికీ మధ్య తొట్టినై నేను ఉన్నాను.

నవనీత అఫ్రీన్‌కు ప్రాణ స్నేహితురాలు. పదిహేడేళ్లు. తల్లి సత్తెమ్మ బీడీలు చుడుతుంది. నవనీత ఎడమచేతి దెబ్బ పడితే, గుద్దడానికి వేలాడదీసిన ఇసుక సంచీ గొలుసుతో సహా ఎగిరేది. ఆ మే నెల చివర రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలున్నాయి. అందులో గెలిస్తే జాతీయ శిబిరానికి పంపుతారు. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతుంది, ఇక ఆ విభాగంలో ఆడనివ్వరు. అందుకే ఆ పిల్లకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే, ఆ సంగతి అకాడమీలో అందరికీ తెలుసు.

సరిగ్గా పోటీలకు పది రోజుల ముందు ఆమెకు జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం మీదే ఉంది. ఎనిమిదో రోజు కళ్లు లోపలికి పోయి, బుగ్గలు జారి వచ్చి నిలబడింది. మెల్లగా మొదలుపెట్టించాలని ఎవరికైనా తోస్తుంది. సార్‌కు తోచింది వేరు. పోయిన వారం రోజుల బాకీ ఆ ఒక్క రోజే తీర్చాలన్నాడు. ఎర్రటి ఎండలో వంద గుంజీలు, నన్ను అరవై సార్లు తిరగేయడం. అరవై! ట్రాక్టరుకైనా నీడ దొరికేది. ఆ రోజు నవనీత వేళ్లు పెట్టుకోలేదు. అంత దూరం చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేదు, కిందా మీదా పడి అరవై పూర్తి చేసి వెళ్లింది.

మర్నాడు వచ్చింది. రెండు తొడలూ ఉబ్బి రాళ్లలా బిగుసుకుపోయాయి. గచ్చు మీద మెట్టు ఎక్కడానికి అఫ్రీన్ భుజం పట్టుకుంది. సార్ నవ్వి, ఒళ్లు పట్టేసిందంటే పని జరిగిందన్నమాటే అన్నాడు. అఫ్రీన్ ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లి, తల వంచుకుని, మగవాడికి చెప్పడానికి సిగ్గుపడే సంగతి చెప్పింది.

“సార్, పొద్దుగాల ఒంటికి పోతే డికాక్షన్ లెక్క నల్లగ అచ్చిందట.”

“వేడి చేసింది. మజ్జిగ తాగుమను. ఆదివారం పోటీ వెట్టుకొని ఇయ్యాల కూసుంటదా?”

వేడి చేసింది! తల నొచ్చినా, ముక్కులో రక్తం కారినా, కాళ్లు పడిపోయినా ఈ దేశంలో ఒకటే మాట. కండ చితికి రక్తంలో కలిసి మూత్రంలో బయటికి పోతుంటే కూడా మజ్జిగే మందు. నవనీత ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే ఆదివారం తీసుకెళ్లడేమోనని ఆమె భయం. వచ్చి నా అంచు కింద వేళ్లు పెట్టింది. ఒకటి లేపింది, రెండు లేపింది. మూడోసారి నన్ను లేపలేక నా మీదే వాలిపోయి కక్కింది. అరటిపండు లేదు, నీళ్లు లేవు. పసుపుపచ్చటి పైత్యం, ఆగి ఆగి, పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు. నాలుగేళ్లలో నేను వందల వాంతులు మోశాను. అబద్ధపుదీ నిజందీ నాకు తెలియదా? అరవడానికి నాకు నోరు లేదు, అంతే.

సార్ కుర్చీలోంచి లేచాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఇగో, ట్రైనింగంటే గిది. జరంలకెల్లి లేచచ్చి గూడ కక్కింది. సూడుండ్రి, కొట్టుండ్రి సప్పట్లు.”

కొట్టారు. తమలాగే ఇదీ వేళ్ల విద్యేనని వాళ్లు అనుకున్నారు. ఈసారి బాగా నటించిందని ఒకడు మెచ్చుకున్నాడు కూడా. చప్పట్లు ఆగాక కూడా నవనీత లేవలేదు. అఫ్రీన్ ఒక్కతే పరుగెత్తుకొచ్చి ఆమె ముఖం పైకెత్తి, గేటు బయటికి పోయి ఆటో ఆపింది.

నిజామాబాద్ ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు ఉంచారట. మూత్రపిండాలు పని మానేస్తే యంత్రం మీద రక్తం శుభ్రం చేశారట. సత్తెమ్మ బీడీల చేట పక్కన పెట్టి ఆసుపత్రి వరండాలోనే పడుకుందట. ఇదంతా అఫ్రీన్ సంచీ కొడుతూ ఒక్కో ముక్కా చెప్పగా విన్నాను. పోటీల ఆదివారం ఎలా వచ్చిందో అలాగే పోయింది. ప్రాణం దక్కింది గానీ బరిలోకి మాత్రం మళ్లీ దిగకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడట. సార్ రెండుసార్లు పండ్లు తీసుకుని చూడబోయాడు. జ్వరం ముదిరి అలా అయిందని అందరితో అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, అలాగే నమ్మాడు. నాకు ఎక్కువ రోత పుట్టించింది అదే.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం నవనీత వచ్చింది. చున్నీ కింద ఒళ్లు పుల్లలా ఉంది. అప్పటికి కొత్త పిల్లలు చేరారు, పదకొండు పన్నెండేళ్ల వాళ్లు. ఒక చిన్నది నా మీద వంగి, వీపు సార్ వైపు తిప్పి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంటోంది. నవనీత నేరుగా వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తడిసిన ఆ వేళ్లను అలాగే సార్‌కు చూపించింది.

“సార్, మూడేండ్ల సంది అందరం గిట్లనే నోట్లె ఏళ్లు వెట్టుకొని కక్కినం. మీరు ఇడిచిపెడ్తరని. నేను ఒక్కపారి నిజంగ కక్కిన. దానికి మీరు సప్పట్లు కొట్టిచ్చిండ్రు.”

అఫ్రీన్ ముందుకు వచ్చి, అవునన్నట్టు తన చేతి పట్టీలు విప్పి సార్ కుర్చీ మీద పెట్టింది. స్నేహితురాళ్లిద్దరూ గేటు దాటి వెళ్లిపోయారు. సార్ నాలుగేళ్లలో మొదటిసారి నా దగ్గరికి నడిచి వచ్చాడు. వంగి, నా లోపలి గాడిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక అయిపోయింది, రేపు నన్ను తుక్కులో వేస్తారు, ఆ గోడకు సున్నం కొడతారు అనుకున్నాను. తుక్కు నాకు పట్టుపరుపే అనుకున్నాను.

సార్ ముఖం తుడుచుకుని పిల్లల వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ తనను మోసం చేశారని, అందుకే ఒక్కరికీ దమ్ము రాలేదని అన్నాడు.

“ఇప్పటి సంది కక్కెటప్పుడు చేతులు ఎన్కకు కట్టుకోవాలె. అందరు.”

పద్నాలుగు మంది పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నా చుట్టూ వంగారు. ఎవరికీ వాంతి రాలేదు. సార్ విజిల్ ఊది, మళ్లీ మొదటి నుంచి అన్నాడు.