జాలీ విప్పిన రోజు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పగటిపూట ఇంట్లో నాకేమైనా అయితే పాప నా పక్కనే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంది, ఎవరికీ తెలియదు. మా ఆయన లారీ ఎక్కితే నాలుగు రోజులకు గానీ రాడు. ఈ వీధికి వచ్చి ఆరు నెలలైనా, పని లేకుండా నన్ను పలకరించిన వాళ్లు లేరు.

ఈ సంగతి గోడ అవతలి దర్జీ పిన్నికి ఒక్కదానికే చెప్పాను. ఆవిడా ఒంటరి మనిషే. మా మధ్య గోడ నిలువెత్తు. ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు, మాట వినడమే గానీ మొహం చూసింది తక్కువ.

"ఓసి పిచ్చిదానా, దానికేముంది? పొద్దున్నే నీ కోళ్లను వదిలి, 'పిన్నీ, వదిలా' అని కేకెయ్యి. నేను 'ఊఁ' అంటా. నీ కేక రాకపోతే నేనొస్తా. నా 'ఊఁ' రాకపోతే నువ్వు రా," అంది.

అలా మొదలైంది. పాపతో తప్ప రోజంతా నేను మాట్లాడే మాటలు చాలాసార్లు ఆ రెండే.

నాకు మూడు పెద్ద పెట్టలున్నాయి. తాను తినేదాకా మిగతావాటిని గిన్నె ముట్టనివ్వదని తెల్లదానికి పిన్ని 'అత్తగారు' అని పేరు పెట్టింది. ఈమధ్య రెండు చిన్న పెట్టలు కొన్నాను. తెచ్చిన రోజే కలిపేస్తున్నానని చెబితే పిన్ని అటునుంచే కసిరింది.

"చంపుతావా ఏమిటే వాటిని? మధ్యలో తీగల జాలీ కట్టు. పది రోజులు మొహాలు చూసుకోనీ. దాణా గిన్నెలు రెండు పెట్టు, ఒకటి దూరంగా. ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ వదలకు, రెండింటినీ కలిపే వదులు. ఒంటరిదైతే అన్నీ దాని మీదే పడతాయి."

నా చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది, అయినా రాసుకోకపోతే నాకేదీ గుర్తుండదు. అన్నీ పాప టీకాల కార్డు వెనకాల రాసుకున్నాను.

పదకొండో రోజు పొద్దున జాలీ విప్పాను. "పిన్నీ, వదిలా! ఇవాళ అన్నిటినీ కలిపి!" అని అరిచాను. అప్పుడే అత్తగారు ఎగిరొచ్చి ఒక చిన్న పెట్ట నెత్తి మీద పొడిచింది. రక్తం. ఎరుపు కనబడితే మిగతావీ ఊరుకోవు. ఒక చంకలో పాప, ఇంకో చంకలో కోడి, రెండూ పోటీపడి ఒకటే గోల. పాప నోటిపూతకని తెచ్చిన ఊదారంగు మందు వెతికి, గాయం కనబడకుండా పూసి, అక్కడే కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నానికి చిన్నవి రెండూ దూరపు గిన్నె దగ్గర తింటున్నాయి. అత్తగారు చూసీ చూడనట్టు తిరుగుతోంది.

పిన్నికి చెబుదామని ఉబలాటంగా గోడ దగ్గరికి వెళ్లాను. మిషన్ చప్పుడు లేదు. పొద్దున 'ఊఁ' విన్నానా? ఎంత తలుచుకున్నా విన్నట్టు లేదు.

పాపను ఎత్తుకుని పరుగెత్తాను. పిన్ని స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. పెదాలు ఎండిపోయాయి. కాలు కదపలేకపోతోంది.

"నీ కేక విన్నానే," అంది. "ఊఁ అన్నాను కూడా. గొంతు గోడ దాటలేదు."

నాకు ఏడుపు ఆగలేదు.

"సరేలే, అత్తగారు ఒప్పుకుందా, లేదా?" అని అడిగింది.

తుంటి విరిగిందన్నారు. ఆసుపత్రి నుంచి అటునుంచి అటే కూతురు తీసుకెళ్లింది. అదేదో పెద్ద ఊరు, మూడో అంతస్తు. కూతురూ అల్లుడూ పొద్దున పనికి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. "ఇక్కడి గోడలు మహా గట్టివే, కేకేస్తే నాకే వినబడుతుంది," అని ఫోన్లో నవ్వుతుంది. రోజూ పొద్దున ఫోన్ చేసి "వదిలా" అంటాను. ఒక్కో రోజు ఎత్తదు. ఆ రోజు నాకు ఏ పనీ సాగదు.

మీ మేడలో మూడో అంతస్తుకు ఈమధ్య ఒక పొట్టి పెద్దావిడ వచ్చి ఉంటే, మెడలో కొలతల టేపు ఉంటే, పగలు ఒక్కసారి తలుపు తట్టి చూడండి. కర్ర పట్టుకుని లేచి రావడానికి ఆవిడకు చాలా సేపు పడుతుంది. పలకలేదని వెళ్లిపోకండి.