పడని మందుల గడి

ఆ క్లినిక్‌లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కీబోర్డమ్మ అంటే చాలు, గుమ్మం దగ్గర టోకెన్లిచ్చే మనిషి దగ్గర్నుంచి డాక్టరుగారి దాకా అందరికీ తెలుసు. కంప్యూటరంటే అంత పిచ్చి మరి! ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా కొత్త సాఫ్ట్‌వేర్ల గురించి చదువుతుంది. మూడేళ్ల కిందట పేషెంట్ల చీటీలన్నీ మనుషుల్ని పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా ఆవిడే. కాగితం కనిపిస్తే ఆవిడకు ఒళ్లుమంట.

ఆవిడ తెరమీద ఎప్పుడూ రెండు విండోలు తెరిచి ఉంటాయి. ఒకటి అసలు రికార్డులది, రెండోది ప్రయోగాలకు పెట్టుకున్న నకలుది. ఒకదాన్ని ఇంకోటనుకోకుండా అసలుదానికి ఎర్ర రంగు వేసుకుంది. తెలివైన పనే, కాదనను. కానీ ఆ ఉదయం ఎక్కడో చూసి ముచ్చటపడి ఒక కొత్త రంగుల థీమ్ దించుకుంది. రెండు విండోలూ చక్కటి ఊదారంగులోకి మారిపోయాయి. ఎంత బాగుందో అని మురిసిపోయింది కూడా!

పది పంతొమ్మిదికి నకలులో చిన్న పరీక్ష చేద్దామని, 'పడని మందులు' అనే గడిలో అందరికీ 'లేవు' అని నింపమంది. నకలులో ఉన్నది రెండు వందల మంది. తెర మాత్రం పదకొండు వందల నలభై మూడు మందికి మార్చేశానంది.

మారింది అసలు రికార్డులే! ఆ గడి ఖాళీగా ఉన్నా బాగుండేది, నర్సు ఆగి అడిగేది. 'లేవు' అని ఉంటే ఆగదు, నిశ్చింతగా సూది పొడిచేస్తుంది. పక్కగదిలో ఆ క్షణాన జరుగుతున్నది అదే.

రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. దాన్ని వెనక్కి ఎక్కించడం మొదలుపెట్టింది. పాతిక నిమిషాలు పడుతుందని చూపించింది. అప్పుడు లేచి పరిగెత్తాలి కదా? లేవలేదు. గప్‌చుప్‌గా సరిచేసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటూ కూర్చుంది. ఇంతకాలం కూడబెట్టుకున్న మంచిపేరు ఒక్కపూటలో గంగలో కలిసిపోతుందని భయం. రెండు నిమిషాలు గడిచాయి.

తెరమీద కొత్త వరస పడింది. పెద్దమ్మ ఒకావిడ, అరవై ఎనిమిదేళ్లు, పది ఇరవై రెండుకి ఇంజెక్షన్ ఇచ్చారు.

కుర్చీ ఎటు పడిందో కూడా చూడకుండా ఇంజెక్షన్ల గదిలోకి దూసుకెళ్లింది.

"అక్కా, ఆపు! ఎవరికీ ఇవ్వొద్దు. తెర మీదున్నది నమ్మకు."

తర్వాతి మనిషి కోసం సిరంజిలోకి మందు ఎక్కిస్తున్న నర్సు ఉలిక్కిపడింది. "ఏమైందే? దయ్యం పట్టినట్టు ఆ అరుపులేంటి?"

"పడని మందులన్నీ నేనే చెరిపేశా. పొరపాటున. అందరివీ."

నర్సు చేతిలో సిరంజి పళ్లెంలో పెట్టేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది కీబోర్డమ్మకి. పెద్దమ్మ మాత్రం బల్లమీద కూర్చుని, దూదితో చెయ్యి నొక్కుకుంటూ ఇద్దరినీ వింతగా చూస్తోంది.

"పెద్దమ్మా, మీకు పడని మందేదైనా ఉందా?"

"ఏమో తల్లీ. నా చీటీ మీద ఎర్ర సిరాతో ఏదో రాసుండేది. నాకు చదువెక్కడిది?"

"ఆ చీటీ ఏదీ?"

"నువ్వే చెప్పావుగా, అంతా ఎక్కించేశాం, ఇంక అక్కర్లేదని. పారేశా."

కీబోర్డమ్మ స్టూలు లాక్కుని పెద్దమ్మ పక్కనే కూర్చుంది. పక్కవీధిలో రోగిని చూడ్డానికెళ్లిన డాక్టరుగారిని పిలవడానికి నర్సు పరిగెత్తింది. పెద్దమ్మ మెడా, మోచేయీ, పెదవులూ మార్చి మార్చి చూస్తూ, ఏమీ కాకూడదని కనిపించని దేవుళ్లందరికీ మొక్కుకుంది. బ్యాకప్ ఎంతవరకూ ఎక్కిందో చేతిలోని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది. పాతిక నిమిషాలని చెప్పి పదిహేనుకే ముగిసింది. గబగబా పెద్దమ్మ రికార్డు తెరిచింది.

పడని మందులు: లేవు.

"హమ్మయ్య!" అనబోయి ఆగిపోయింది. మరి ఎర్ర సిరా?

అప్పుడు తట్టింది. ఆ ఫారం తయారుచేసింది తనే. ఎక్కించేవాళ్లు విసుక్కుంటున్నారని, ఖాళీగా వదిలేసిన గడిలో దానంతటదే 'లేవు' పడేలా పెట్టింది. అప్పట్లో అందరూ శెభాష్ అన్నారు.

"దురదగా ఉందమ్మా," అంది పెద్దమ్మ, చెయ్యి గోక్కుంటూ. మోచేతి నుంచి భుజం దాకా ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. "డాక్టరుగారూ!" అని కీబోర్డమ్మ పెట్టిన కేకకి వరండాలో జనం లేచి నిలబడ్డారు.

అప్పటికే గుమ్మం దాకా వచ్చిన డాక్టరుగారు విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి పెద్దమ్మ లేచి కూర్చుని మంచినీళ్లడిగింది. గండం గడిచింది.

"నువ్వొచ్చి గోలచెయ్యకపోతే ఈవిణ్ణి ఇంటికి పంపించేసేదాన్నే," అంది నర్సు. "దార్లో ఏమయ్యేదో."

ఆ మాట మెచ్చుకోలు కింద తీసుకునే ధైర్యం కీబోర్డమ్మకి లేదు. ముఖం కూడా కడుక్కోకుండా తన కుర్చీలో కూర్చుని రికార్డుల్లో 'లేవు' అని ఉన్నవాళ్లెందరో లెక్క తీసింది. తొమ్మిది వందల ఆరుగురు. అందులో ఎన్ని నిజమో, ఎన్ని వదిలేసిన గడులో ఏ కంప్యూటరూ చెప్పలేదు. జీవితంలో మొదటిసారి ఒక తెల్లకాగితం తీసుకుని, పైన ఒకటి అని వేసి, మొదటి నంబరుకి ఫోన్ చేసింది.

"క్లినిక్ నుంచండీ. మీకు పడని మందులేమైనా ఉన్నాయా?"

అవతల పెద్దాయన నవ్వాడు. "భలేదానివమ్మా! అదంతా మీ కంప్యూటర్లోనే ఉంటుందిగా. చూసి నువ్వే చెప్పు."