పదకొండింటికల్లా కరగాల్సిన మంచు

కత్తితో ఒక్క పోటు పొడిస్తే ఊడి వస్తుందేమో, కానీ మెకానిక్ ఫోనులో మరీ మరీ చెప్పాడు, కత్తి మాత్రం పెట్టకండి మామ్మగారూ, లోపల గొట్టానికి చిల్లు పడిందంటే ఫ్రిజ్ చచ్చిపోతుంది, తర్వాత మీరు నన్ను తిడతారు అని, అందుకని ప్లగ్గు పీకేసి, ఫ్రీజర్లో వేడినీళ్ల గిన్నె పెట్టి, కింద పాత తువ్వాళ్లు పరిచి, వాటి మీద టబ్బు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను, పదకొండింటికి చిన్నది వస్తుంది, కుట్టుమిషను తీసుకుపోవడానికి, ఇప్పుడు తొమ్మిదిన్నర, ఈలోగా ఈ మంచంతా కరిగిపోవాలి, ఒక్క పలుకు కూడా దాని కంట పడకూడదు, ఎందుకంటే ఈ మంచు గురించే కదా దాన్ని అన్నన్ని మాటలన్నాను, నువ్వు ఫ్రిజ్ తలుపు సరిగా వెయ్యవు, అందుకే గడ్డకడుతోంది అని, అది వెళ్లిపోయి ఇరవై రోజులైంది, ఈ ఇరవై రోజులూ తలుపు తీసిందీ వేసిందీ నేనొక్కదాన్నే, మరి ఈ గడ్డ ఎవరు పెంచినట్టు.

చిన్నది నా తోటికోడలు, అరవై దాటినా నాకు చిన్నదే, మా ఆయనా మా మరిదీ ఏడాది తేడాలో వెళ్లిపోయాక ఈ రెండు గదుల్లో మేమిద్దరమే మిగిలాం, అది జాకెట్లు కుడుతుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి విప్పి నా అంతట నేను నేర్చుకున్న చదువు, తప్పు చదివినా అది సరిదిద్దేది కాదు, నీ కథలో వాడు చచ్చిపోతే చెప్పకక్కా, కుట్టు వంకర పోతుంది అనేది, గిన్నెలో నీళ్లు చల్లారినట్టున్నాయి, మార్చాలి, ఇదిగో ఒక పెచ్చు ఊడింది, మెల్లగా, చెక్క గరిటెతో, నాకు మెల్లగా చెయ్యడం ఎప్పుడొచ్చింది గనక, మా ఆయన ఆ రోజు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఏదో చెబుతున్నారు, పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తాను, తిరిగొచ్చేసరికి వీధి ఖాళీ, సాయంత్రం ఇంకెవరో వచ్చి ఆయన పోయారని కబురు చెప్పారు, అప్పటినుంచి ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను, చిన్నది పెట్టె పట్టుకుని వెళ్తుంటే మాత్రం నిలబడలేదు, ఇటు తిరిగి ఇదే ఫ్రిజ్ తుడుస్తున్నాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

ఆ మాట అనకుండా ఉండవలసింది, తలుపు వెయ్యడం కూడా చేతకాదా, మీ పుట్టింట్లో తలుపులు లేవా ఏమిటి అన్నాను, కూరగాయలమ్మి గుమ్మంలో నిలబడి వింటోంది, చిన్నది సూది దిండుకి గుచ్చి లేచింది, ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో తలుపులేసింది నేనేనక్కా, నువ్వు వేసుందో లేదో చూసొచ్చేదానివి, అంతే అంది, కూరగాయలమ్మి నవ్వేసింది, ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది, అయితే నువ్వెళ్లి మీ తమ్ముడింట్లో తలుపులు వేసుకో అనేశాను, తమ్ముడింటికే వెళ్లింది, వెళ్తూ వీధి తలుపు ఎంత మెల్లగా వేసిందంటే, చప్పుడు కోసం చెవులు రిక్కించిన నాకు కూడా వినపడలేదు.

పదీ పది, మంచు సగమైనా పోలేదు, ఫ్రిజ్ తలుపు అంచున ఉండే రబ్బరు సంగతి చూద్దాం, కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి, బిగుతుగా ఉంటే పరవాలేదు, జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు అన్నాడు మెకానిక్, పేపరు చించి పైన పెట్టాను, గట్టిగానే ఉంది, పక్కన గట్టిగానే ఉంది, కింద మూల వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది, అక్కడ రబ్బరు వంకరగా ఉబ్బి ఉంది, వేడి గుడ్డతో ఒత్తి, మడత విప్పి వేలు పెడితే ఏదో తగిలింది, నాలుగు మడతలు పెట్టిన కాగితం, తడిసి ముద్దయినా గుర్తుపట్టాను, బస్సు టికెట్టు, నేనే పెట్టాను, దేవుడా, నేనే, మూడు నెలల క్రితం.

ఒక పూట పాలు విరిగాయని, తలుపు వారగా వదిలేసింది చిన్నదేనని, దాన్ని పట్టుకోవాలని, రోజూ అది ఫ్రిజ్ తీసి వేశాక ఎవరూ చూడకుండా ఆ మూల ఈ టికెట్టు దూర్చేదాన్ని, తలుపు వదులైతే రాలిపడుతుంది కదా అని, ఒకరోజు టికెట్టు కనపడలేదు, కింద వెతికితే లేదు, దొరికింది దొంగ అనుకున్నాను, సంతోషించాను కూడా, అది రబ్బరు మడతలోకి జారిపోయి అక్కడే కూర్చుంది, అక్కణ్ణించే గాలి, అక్కణ్ణించే మంచు, పైగా ఇది ఏ టికెట్టు, నా కళ్ల పరీక్షకి వెళ్లినప్పటిది, అక్షరాలు అలుక్కుపోతున్నాయని నేనేడిస్తే కుట్టు పని మానుకుని అదే తీసుకెళ్లింది, ఆ కళ్లజోడు పెట్టుకునే కదా దాని మీద కాపలా కాశాను.

రబ్బరు నెమ్మదిగా సర్దుకుంది, ఈసారి పేపరు ముక్క లాగితే రాలేదు, తలుపు మళ్లీ బార్లా తెరిచాను, పని అయిపోయింది, ఇంకా అరగంటైనా ఉంది, ఈ టికెట్టు సింకులో పడేస్తే రెండు నిమిషాల్లో కరిగిపోతుంది, గడ్డలు బాల్కనీలో పోస్తే ఎండ చూసుకుంటుంది, చిన్నది వచ్చి మిషను తీసుకుని పోతుంది, ఎవరికీ తెలియదు, ఇలా అనుకుంటుండగానే ఫ్రీజర్లోంచి మంచు పలక ఒక్కసారిగా టబ్బులో దబ్బున పడింది, వెంటనే గంట మోగింది, అప్పుడే ఎలా వచ్చింది, ఎప్పుడూ ముందే వస్తుంది, ఏమిటక్కా ఇంకా రావు, తలుపు వేసుందో లేదో చూస్తున్నావా అంటోంది బయటినుంచి, గొంతులో కోపం లేదు, అదే నాకు కోత, టబ్బు బాల్కనీలోకి లాగబోయి ఆగిపోయాను, గుప్పిట్లో టికెట్టు నీళ్లు కారుతోంది, సిరా చెదిరినా ఒక ముక్క కనపడుతోంది, పెద్దలు ఇద్దరు, తలుపు సరిగా వెయ్యదని నేనెప్పుడూ భయపడలేదు, ఏదో ఒకరోజు ఆ తలుపు వేసుకుని వెళ్లిపోతుందని భయపడ్డాను, దానిదే తప్పయితే ఆ రోజు ఏడవక్కర్లేదని తప్పు వెతికాను, దొరక్కపోతే నా చేత్తో నేనే పెట్టాను, వస్తున్నానే చిన్నదానా, వస్తున్నా, టబ్బు అలాగే నడిగదిలో ఉండనీ, ముందు అదే చూడనీ.